జనరేటర్ వెంట మనిషేడి?

మా రోజుల్లో షూటింగుకి జనరేటర్ అంటే వ్యాన్ రావాలి. వ్యాన్ వెంట ఆపరేటర్ రావాలి. ఆయన దాన్ని సెట్‌కి దూరంగా, పొగ మనుషుల మీదికి రాకుండా గాలివాటం చూసి నిలిపేవాడు. దాని ప్యానెల్ మీద చెయ్యి వెయ్యడానికి కెమెరామెన్‌కి కూడా వీల్లేదు. ఆర్క్ లైట్ల కాలం అది. బ్రూట్ అనే పెద్ద ఆర్క్ ఒక్కటే 225 ఆంపియర్ల డీసీ కరెంటు లాగేది. కేబుళ్లు పరిచి, కనెక్షన్లు బిగించి, అటునుంచి లైట్‌మన్ కేకేస్తేగానీ ఆపరేటర్ లైన్ ఇచ్చేవాడు కాదు. షాకులు అప్పుడూ కొట్టాయి, మనుషులూ పోయారు. కానీ కరెంటు ఎవరిచ్చారో, ఎవరాపాలో యూనిట్ మొత్తానికీ తెలిసేది.

హైదరాబాద్ అమీర్‌పేటలోని సారథి స్టూడియోకీ, 1976లో అక్కినేని కట్టిన అన్నపూర్ణకీ పనికెళ్లే లైట్‌మన్లెందరో నేనుండే ఈ కృష్ణానగర్‌లోనే కాపురాలు పెట్టారు. అలాంటి పేటలో ఇప్పుడు జరుగుతున్నది చూస్తే నాకు ఒళ్లు మండిపోతుంది.

షార్ట్ ఫిలిమనీ, వెబ్ సిరీసనీ రోజు అద్దెకి చిన్న పెట్రోల్ జనరేటర్ ఆటోలో వస్తుంది. ఇద్దరు కుర్రాళ్లు దింపి తాడు లాగుతారు. అద్దెకిచ్చినవాడు గంటకి ఎంత పెట్రోల్ తాగుతుందో చెప్తాడు, ఎర్తింగ్ మాటెత్తడు. మొన్న వానాకాలంలో మా సందులోనే చూశాను. ఎక్స్‌టెన్షన్ బోర్డు తడినేల మీద పడుంది. త్రీపిన్ ప్లగ్గుకి పైనుండే లావు పిన్ను, అంటే ఎర్త్ పిన్ను, విరగ్గొట్టేశారు, రెండు పిన్నుల సాకెట్లో పట్టాలని! వైరు అతుక్కి చుట్టిన టేపు ఊడి వేలాడుతోంది. ఏంట్రా ఇది అంటే, "చిన్న మిషనే కదా బాబాయ్, ఏం కాదు" అన్నాడు వాళ్లలో ఒకడు.

చిన్నదేం కాదు నాయనా. రెండున్నర కేవీఏ మిషన్ దాదాపు 11 ఆంపియర్లు ఇస్తుంది. మనిషిని కాపాడడానికి పెట్టే ఆర్‌సీసీబీ 30 మిల్లీ ఆంపియర్ల లీకేజీకే పడిపోయి కరెంటు ఆపెయ్యాలి. అంతకు మించితే గుండె లయ తప్పే ప్రమాదం ఉంది కాబట్టే ఆ లెక్క. మిషన్ మీదుండే ఎంసీబీ వైరు కాలకుండా ఆపుతుందిగానీ, మనిషికి షాక్ కొడుతున్న సంగతి దానికి తెలియదు.

ఇంకో సంగతి కూడా ఈ కుర్రాళ్లకి ఎవరూ చెప్పలేదు. చిన్న మిషన్లు చాలావాటిలో న్యూట్రల్‌ని బాడీకి కలపకుండా వదిలేస్తారు. అలాంటి మిషన్‌కి ఆర్‌సీసీబీ తగిలించినా మొదటి లీకేజీకి పడదు. రెండో చోట ఇంకో వైరు దెబ్బతిని బాడీకి తగిలిందంటే మాత్రం ముట్టుకున్నవాడు మధ్యలో ఇరుక్కుంటాడు. టెస్ట్ బటన్ నొక్కితే పడింది కాబట్టి అంతా బాగుందనుకోకండి. ఆ బటన్ ఆర్‌సీసీబీ లోపలి పనితనం చూపిస్తుందంతే, న్యూట్రల్ కట్టిందీ లేందీ చెప్పదు. న్యూట్రల్ ఎక్కడ కలపాలో, ఎర్త్ రాడ్డు ఎక్కడ దిగగొట్టాలో తెలిసిన ఎలక్ట్రీషియన్ వచ్చి చూడాల్సిందే.

ఇళ్లలో ఇంకా ఘోరం. కరెంటు పోగానే రెండు వైపులా ప్లగ్గులున్న వైరుతో జనరేటర్‌ని గోడ సాకెట్‌కి కలిపేస్తారు. ఇంటిని వీధి లైన్ నుంచి విడదీసే చేంజోవర్ స్విచ్ ఉండదు, మెయిన్ ఆపరు. ఆ కరెంటు వీధిలోకి వెళ్లి, ట్రాన్స్‌ఫార్మర్‌లో తిరగబడి అవతల 11,000 వోల్టులు కావచ్చు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను కొట్టాక విశాఖలో నీళ్ల మోటార్లకి జనాలు జనరేటర్లు అద్దెకి తెచ్చుకున్నారు. ఆ రోజుల్లోనే వేరే జిల్లాల నుంచి వచ్చిన సిబ్బంది స్తంభాలెక్కి తీగలు బిగిస్తున్నారు. కింద ఏ ఇంట్లోనో ఒక్కడు అలా ప్లగ్గు గుచ్చితే పైనున్నవాడి గతేమిటి?

ఎవరికైనా షాక్ కొట్టిందంటే ముందు మిషన్ ఆపాలి, ఆ తర్వాతే మనిషిని ముట్టుకోవాలి. ఊపిరి ఆడకపోతే ఛాతీ మీద నొక్కుతూనే 108కి ఫోన్ చేయించాలి. ఆపే మీట ఎక్కడుందో మిషన్ దగ్గరున్న ప్రతి కుర్రాడికీ తెలిసుండాలి కదా! మొన్న నేనడిగితే ఇద్దరిలో ఒకడికే తెలుసు.

జనరేటర్లు అద్దెకిచ్చే షాపులవాళ్లని అడుగుతున్నాను. ప్రతి మిషన్‌తో పాటు ఆర్‌సీసీబీ ఉన్న బోర్డు, ఎర్త్ రాడ్డు, ఎర్త్ పిన్ను విరగని త్రీపిన్ ప్లగ్గు ఇవ్వండి. బిగించి చూపించడానికి ఒక మనిషినీ పంపండి. ఆ కూలి అద్దెలోనే కలపండి, తీసుకునేవాళ్లు ఇస్తారు. నిర్మాత బేరమాడితే మిషన్ ఇవ్వకండి.