ఒక్క ఇఫ్ చాలన్నా!

స్ప్రింగ్ ఫ్రేమ్‌వర్క్ 1.0 వచ్చింది 2004లో. ఏ ఆబ్జెక్టుకు ఏది కావాలో ఎక్స్‌ఎమ్‌ఎల్ ఫైల్లో రాసిపెడితే చాలు, కలిపే పని అదే చూసుకునేది. ఆలోచన బంగారం, రాత మాత్రం వెట్టిచాకిరీ. ఒక్క డేటాసోర్స్ కావాలంటే బీన్ ట్యాగు తెరవాలి. క్లాసు పేరును శుభలేఖలో వరుడి పేరులా తాతముత్తాతలతో సహా రాయాలి. లోపల యూఆర్‌ఎల్‌కో ప్రాపర్టీ, యూజర్‌నేమ్‌కో ప్రాపర్టీ, పాస్‌వర్డ్‌కో ప్రాపర్టీ. తెరిచినవన్నీ మళ్లీ మూయాలి. ఫైలు వెయ్యి లైన్లు దాటాక ఇక దాన్ని చదివేవాళ్లు ఉండరు, స్క్రోల్ చేసేవాళ్లే. క్లాసు పేరులో అక్షరం తప్పితే కంపైలర్ నోరు మెదపదు. తీరా సర్వర్ లేచేటప్పుడు స్ప్రింగ్ గొల్లుమంటుంది.

2013లో స్ప్రింగ్ 4.0 వచ్చి, ఇదంతా గ్రూవీ అనే ప్రోగ్రామింగ్ భాషలో స్క్రిప్టుగానూ రాసుకోవచ్చంది. బీన్స్ అని ఫ్లవర్ బ్రాకెట్ తెరిచి, డేటాసోర్స్ అని క్లాసు పేరిచ్చి, లోపల యూఆర్‌ఎల్ ఈక్వల్స్ ఫలానా అంటే సరి. స్క్రీను నిండా ఉన్నది నాలుగు లైన్లకు దిగింది. మా టీములో కుర్రాడు పొంగిపోయాడు. నేనూ సంతోషించాను.

మర్నాడే అందులో ఒక ఇఫ్ కనిపించింది. "టెస్ట్ సర్వరైతే కనెక్షన్ పూల్ చిన్నది చాలన్నా, ఒక్క ఇఫ్" అన్నాడు. సబబే. తర్వాత బ్రాంచికో డేటాసోర్స్ కావాల్సొచ్చి లూప్ దిగింది. లూప్ పొడుగైందని ఫంక్షన్ పుట్టింది. చివరికి నెలాఖరు రద్దీని తట్టుకోడానికి, తేదీ చూసి పూల్ పెంచే లైను కూడా చేరింది.

నెలాఖరు వచ్చింది. సర్వర్ చతికిలబడింది. కుర్రాడు లైను చూపించి "లాజిక్ కరెక్టే కదన్నా!" అని వాపోయాడు. కరెక్టే. కానీ ఆ ఫైలును సర్వర్ చదివేది లేచినప్పుడు ఒక్కసారే. అది లేచింది ఐదో తారీఖున. దాని లెక్కలో ఇంకా ఐదో తారీఖే నడుస్తోంది!

ఇది మావాడికొక్కడికే పట్టిన జబ్బు కాదు. బ్రెజిల్ చమురు సంస్థ పెట్రోబ్రాస్ పనుల కోసం రియోలోని కేథలిక్ విశ్వవిద్యాలయంవాళ్లు వివరాలు రాసుకోడానికి రెండు బుల్లి భాషలు చేశారు. వాడేవాళ్లు షరతులు కావాలన్నారు, లూపులు కావాలన్నారు. అలా అడగ్గా అడగ్గా 1993లో లువా అనే పూర్తిస్థాయి ప్రోగ్రామింగ్ భాషే పుట్టుకొచ్చింది. వాళ్లు నిజాయితీపరులు, పుట్టినదానికి భాష అని పేరు పెట్టారు. మేము మాత్రం ఇంకా సెట్టింగుల ఫైలు అనే అంటున్నాం.

ఎందుకంటే ఆ పేరులో సుఖముంది. కోడ్ మార్చామంటే రివ్యూ, టెస్టింగ్, పైవాళ్ల ఆమోదం. "కాన్ఫిగరేషన్ మార్పే" అన్నామా, ఎవరూ తలెత్తి చూడరు. ఎక్స్‌ఎమ్‌ఎల్ మీద మావాళ్లకున్న కోపంలో సగం దాని పొడుగు మీద కాదు, దాంట్లో కోడ్‌ను ఇలా దాచుకునే వీలు లేనందుకేనని నా అనుమానం.

ఉండబట్టలేక మావాణ్ణే అడిగాను: "ఇంతకీ నువ్వు రాసింది కోడా, కాన్ఫిగరేషనా?"

"రివ్యూవాళ్లు అడిగితే కాన్ఫిగరేషనేనన్నా" అన్నాడు తడుముకోకుండా. "అప్రైజల్‌లో మాత్రం కోడే."