బంట్రోతు చెడితే పెట్టెను కోస్తామా?

జంషెడ్‌పూర్‌లోని మా భుయ్యాడీహ్‌లో ఉక్కును శంకించేవాళ్లు తక్కువ. 1912లోనే ఉక్కు పోత మొదలైన ఊరు మరి జంషెడ్‌పూర్. ఇక్కడ ఇనప్పెట్టె కొనబోయే మనిషి తలుపు మందం చూస్తాడు, వేలి కణుపుతో కొట్టి చప్పుడు వింటాడు, బరువెంతో అడుగుతాడు. దాని మొహాన ఉన్న నంబర్ల బటన్లను మాత్రం పట్టించుకోడు. తీరా ముందు చెడేవి అవే. వేళ్ల జిడ్డూ, సువర్ణరేఖ ఒడ్డున వానాకాలపు తేమా చేరి లోపలి అతుకులు చిలుము పడతాయి. ఓ ముహూర్తం రోజున 'అయిదు' ఎంత నొక్కినా పలకదు. ఇల్లంతా పెట్టె చుట్టూ చేరుతుంది. ఒకరు గ్యాస్ కట్టర్‌తో కోయించేద్దామంటారు, ఇంకొకరు సాక్చీ నుంచి చాబీవాలాను రప్పిద్దామంటారు, పెద్దావిడ "ముందు నా గాజులు తియ్యండ్రా" అంటుంది. నేననేది ఒక్కటే: చెడింది కీప్యాడ్, పెట్టె కాదు. దాన్ని మార్చుకుంటే సరిపోయేదానికి ఇంత రాద్ధాంతం అక్కర్లేదు.

కాస్త మంచి రకం పెట్టెల్లో నంబరును గుర్తుపెట్టుకునేది తలుపు లోపలివైపు బిగించిన తాళం. బయటి కీప్యాడ్ ఆఫీసు బంట్రోతు లాంటిది. కాగితం అందిస్తుంది, సంతకం పెట్టదు. దాన్ని జాగ్రత్తగా ఊడదీస్తే వెనక ఒక సన్నటి తీగ, తలుపులోని చిన్న రంధ్రంలోంచి లోపలికి పోతూ కనిపిస్తుంది. ఆ తీగను లాగకుండా ప్లగ్గు తప్పించి, అదే కంపెనీ, అదే మోడల్ కొత్త కీప్యాడ్ తగిలిస్తే పాత నంబరుతోనే తలుపు తెరుచుకుంటుంది. అయితే బంట్రోతును ఉద్యోగంలోంచి తీసేసేముందు కొత్త బ్యాటరీ వేసి చూడటం న్యాయం. గోడ గడియారంలోంచి పీకి పెట్టిన ముసలి సెల్లుకు 'బీప్' అనే ఓపిక ఉంటుంది గానీ గడియ లాగే సత్తువ ఉండదు.

"బయటినుంచే మార్చగలిగితే దొంగ మాత్రం మార్చలేడా?" అని అడిగేవాళ్లుంటారు. మార్చగలడు, పాపం. సొంత ఖర్చుతో కొత్త కీప్యాడ్ బిగించి, నంబరు తెలియక దాని ముందు నిలబడతాడు. అతనికి అసలు ఉపకారం చేసేది పాత కీప్యాడే. నాలుగంకెల నంబరుకు నాలుగు బటన్లే అరిగి మెరుస్తుంటే ప్రయత్నించాల్సిన వరసలు 24. అన్నీ కొత్తగా ఉంటే 10,000. చవక పెట్టెల సంగతి వేరు. వాటిలో కొన్నింటికి తెలివంతా ఒక్క బోర్డులోనే ఉంటుంది కాబట్టి స్క్రూడ్రైవర్ పట్టేముందు కంపెనీని అడగాలి.

"ఈ కరెంటు తాళాలను నమ్మకూడదు, ఇనుప తాళమే మేలు" అనేది మరో అభ్యంతరం. టాటానగర్‌లో రైలెక్కితే నేరుగా పూరీలో దిగవచ్చు. అక్కడి జగన్నాథుడి రత్నభండారానికి బ్యాటరీ లేదు, బటన్లూ లేవు. అయినా 2018లో లోపలి గది తాళం చెవులు కనబడలేదు. 2024 జులైలో, ఉన్న నకలు చెవులు పనిచేయక తాళాలు కోయాల్సివచ్చింది. దేవుడికే తప్పని తిప్పలకు మన కీప్యాడ్‌ను ఒక్కదాన్నే ఆడిపోసుకోవడం అన్యాయం.

ఇక, పెట్టెతో వచ్చిన అత్యవసర తాళం చెవిని భద్రంగా ఆ పెట్టెలోనే దాచిన మహానుభావులకో విన్నపం. బటన్లు పలుకుతుండగానే లేచి వెళ్లి దాన్ని బయటికి తీయండి.