నానమ్మకు కుక్క లేదు

పోయిన గురువారం మావాడి బడిలో పేరెంట్స్ మీటింగ్. బయట దోహా ఎండ నెత్తిన పెనం పెట్టినట్టుంది, లోపల ఏసీకి వేళ్లు కొంకర్లు పోతున్నాయి. గోడంత స్మార్ట్ బోర్డు మీద మావాడి నాలుగో తరగతి చదువు రంగురంగుల గుండ్రాలై తిరుగుతోంది. "రీడింగ్‌లో తొంభై ఏడు శాతం సార్, రైటింగ్‌లో మూడు బ్యాడ్జీలు" అన్నారు మేడం. మా సారు ఈతబరికెతో నా వీపు మీద వేసిన బ్యాడ్జీలు గుర్తొచ్చి ఓసారి తడుముకున్నాను.

ఇంటికొచ్చాక ఆ తొంభై ఏడు శాతం ఎలా పండుతుందో చూద్దామని వాడి పక్కన కూర్చున్నాను. ట్యాబులో కథ తెరుచుకుంది. ఒక ఆడగొంతు తియ్యగా చదువుతుంటే మాట మాట మీదా పసుపు రంగు పాకుతూ పోయింది. మావాడి కళ్లు మాత్రం కింద మూలనున్న బాణం గుర్తు మీదే ఉన్నాయి. అది వెలగగానే నొక్కాలి. పన్నెండు పేజీలూ అలాగే నొక్కాడు. చివర్లో ప్రశ్న: నక్క ఎందుకు ఏడ్చింది? నాలుగు జవాబులున్నాయి. మొదటిది నొక్కితే ఎర్ర రంగు, రెండోది నొక్కితే మళ్లీ ఎర్ర రంగు, మూడోదానికి తెర నిండా బెలూన్లు, చప్పట్లు.

"ఇంతకీ నక్క ఎందుకు ఏడ్చిందిరా?" అన్నాను.

"ఆన్సర్ సీ, డాడీ" అన్నాడు.

ఇక రాయడం సంగతి. నానమ్మ మీద ఇంగ్లిష్‌లో వంద మాటల వ్యాసం హోంవర్క్. మావాడు ట్యాబును నోటి దగ్గర పెట్టుకుని "మై గ్రాండ్‌మదర్, హండ్రెడ్ వర్డ్స్" అన్నాడు, హోటల్లో టీ చెప్పినట్టు. టీ కంటే ముందే వచ్చేసింది. అందులో నానమ్మ ఉన్నితో స్వెటర్లు అల్లుతుంది. ఓవెన్‌లో కుకీలు కాలుస్తుంది. మంచు కురిసే పార్కులో కుక్కను వాకింగ్‌కు తీసుకెళ్తుంది. మా అమ్మ ఉండేది కోరుట్లలో. చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతుంది. కుక్కతో ఆమెకున్న సంబంధమల్లా వాకిట్లోకొస్తే కట్టె అందుకోవడమే. దిద్దే సాఫ్ట్‌వేర్ ఈ వ్యాసానికి పదికి పది వేసి, సొంత అనుభవం చక్కగా పలికిందని మెచ్చుకుంది.

యంత్రం రాసింది, యంత్రం దిద్దింది, యంత్రమే మెచ్చుకుంది. మధ్యలో మనిషి చేసిన పని ఒక్కటే, ఫీజు కట్టడం. అది నేను చేశాను. నిజం చెప్పాలంటే మా ఇంట్లో చదవడం, రాయడం రోజురోజుకూ మెరుగుపడుతున్నది ట్యాబుకే. వచ్చే ఏడు ప్రమోషన్ కూడా దానికే ఇచ్చి, మావాణ్ని దాని చార్జరుగా చేర్చుకుంటారేమో.

ఖతార్‌ను తప్పు పట్టను, ఇక్కడి ఉప్పు తింటున్నవాణ్ని. ఐప్యాడ్ పుట్టకముందే, 2006 ప్రాంతంలో, వక్రాలోని ఒక ఆడపిల్లల బడిలో పుస్తకాల సంచీకి బదులు ట్యాబ్లెట్ కంప్యూటర్లిచ్చి, దానికి ఈ-స్కూల్‌బ్యాగ్ అని పేరు పెట్టిన దేశమిది. 2020 మార్చి 10న కరోనాకు బడులు మూస్తే చదువు తెరల మీదికెక్కింది. పదిహేనేళ్ల పిల్లలకు పెట్టే పీసా పరీక్షలో 2006లో చదవడంలో ఖతార్‌కు వచ్చినవి 312 పాయింట్లు. 2022 నాటికి 419. ధనిక దేశాల సగటు 476 ఇంకా దూరమే అయినా, ఎక్కిన మెట్లు తక్కువేం కాదు. ఆ లెక్కలో ఇక్కడి ప్రైవేటు బడుల్లో చదివే వలస పిల్లలూ ఉన్నారు. మన దేశం తరఫున తమిళనాడు, హిమాచల్ ఒక్కసారి ఆ పరీక్ష రాసి అడుగున తేలాయి. ఆ తర్వాత ఆ హాలు వైపు మళ్లీ వెళ్లలేదు. ఫెయిలవకుండా ఉండటానికి అంతకంటే ఖర్చు లేని టెక్నాలజీ ఏ కంపెనీ దగ్గరా లేదు.

ఆ మెట్లు ట్యాబులే ఎక్కించాయా అంటే, ఎవరి సరుకు వారు పొగుడుకుంటారు. ఆంధ్రలో 2022 డిసెంబరులో ఎనిమిదో తరగతి పిల్లలకూ పంతుళ్లకూ కలిపి ఐదు లక్షల పైచిలుకు ట్యాబులు పంచారు. మరుసటేడే స్వీడన్ పిల్లల చేతికి మళ్లీ అచ్చు పుస్తకాలివ్వడానికి 68.5 కోట్ల క్రోనర్లు తీసిపెట్టింది. ఒకరు పుస్తకం దించి ట్యాబు ఎత్తుకుంటుంటే, ఇంకొకరు ట్యాబు దించి పుస్తకం ఎత్తుకుంటున్నారు. దారిలో ఇద్దరూ ఎదురుపడితే ఏం మాట్లాడుకుంటారో వినాలని ఉంది.

ఈ దేశంలో నాకు నచ్చేది వేరే ఉంది. అరబ్బీని కాపాడుకోవడానికి 2019లో చట్టమే చేసుకున్నారు. 2024 డిసెంబరులో ఫనార్ అని అరబ్బీ కోసం సొంత ఏఐని నిలబెట్టారు. ఆ మాటకు లైట్‌హౌస్ అని అర్థం. యంత్రం ఎలాగూ మాట్లాడబోతోంది కనుక మన భాషలో మాట్లాడనీ అనుకున్నారు. మన తెలుగు కూడా ఒకసారి ప్రపంచ టెక్నాలజీని గడగడలాడించింది. 2018 ఫిబ్రవరిలో "జ్ఞా" అన్న అక్షరాన్ని ఒక రకంగా కూర్చి పంపితే చాలు, ఐఫోన్లలో మెసేజీ యాప్‌లు కుప్పకూలాయి. యాపిల్ కంపెనీ పరుగున మందు వేసింది. జ్ఞానం ఎదురొస్తే ఫోను తట్టుకోలేదన్న సంగతి మాత్రం మనకు తెలిసిపోయింది.

మళ్లీ వ్యాసం దగ్గరికి వస్తాను. శుక్రవారం వీడియో కాల్‌లో దాన్ని అమ్మకు తెలుగు చేసి వినిపించాను. అంతా విని, "నేనెన్నడు కుక్కను పట్టుకొని తిరిగిన బిడ్డా? గా ముసల్ది ఎవలో గని, పాపం, చల్లో తిరుగుతున్నది" అంది. మావాడు ట్యాబు వెనక్కి దాక్కున్నాడు.

అమ్మకు చదువొచ్చిన కథ చెబితే ఏ ఎడ్యుకేషన్ కంపెనీ కూడా కొనదు. మా బాపు దుబాయిలో ఉన్నప్పుడు ఎర్రనీలం అంచుల కవర్లో ఉత్తరం వచ్చేది. చదివించుకోవడానికి వాడకట్టు చివరనున్న సారు ఇంటికి పోవాలి. సారుది గట్టి గొంతు. బాపు మెల్లిగా రాసుకున్న ముచ్చట కూడా అరుగు మీదున్నవాళ్లందరికీ వినబడేది. ఒకసారి అలాంటి వాక్యమేదో చదివి సారు నవ్వారు, అరుగంతా నవ్వింది. ఆ రాత్రే అమ్మ బీడీల చాట పక్కన పెట్టి రాత్రి బడికి పోయింది. ఒక లాంతరు, ఒక పలక, ఒక బలపం. తొంభైల్లో ఊరూరా సాక్షరత ఉద్యమం నడిచిన రోజులవి. తన చేత్తో దుబాయికి రాసిన మొదటి ఉత్తరంలో మూడే వాక్యాలు: పైసలు అందినయి. బర్రె ఈనింది. ఎప్పుడొస్తవ్?

వంద మాటలు లేవు, బ్యాడ్జీ రాలేదు. ఆ కాయితాన్ని బాపు చిరుగులు పట్టేదాకా జేబులో పెట్టుకు తిరిగాడు.

కాల్ పెట్టేసే ముందు అమ్మ మనవడికి హోంవర్క్ ఇచ్చింది. "నా పేరు నువ్వే రాసి పంపు బిడ్డా. డబ్బాతోని రాపియ్యకు." పోయిన సెలవుల్లో కోరుట్ల వాకిట్లో పలక మీద ఆమే దిద్దించిన అక్షరాలు వాడికి ఏమేరకు మిగిలాయో చూసుకుందామని కాబోలు.

శనివారం షమాల్ అనే దుమ్ముగాలి లేచింది. సాయంత్రానికి మా నజ్మా సందుల్లో కార్లన్నీ గోధుమపిండిలో దొర్లించినట్టయ్యాయి. సామాన్లు తేవడానికి కిందికి దిగాం. వెనక తిరిగి చూస్తే మావాడు మా కారు వెనకద్దం ముందు ఆగిపోయి ఉన్నాడు. నాలుక పక్కకు పెట్టి, వేలితో, పలక మీద దిద్దినట్టు రాస్తున్నాడు. మన వీధిబడుల్లో ఒకప్పుడు ఇసుకలోనే దిద్దించేవారని విన్నాను. ఆ లెక్కన ఖతార్‌లో బడి సామగ్రికి కొరతే లేదు. చార్జింగ్ అక్కర్లేని టచ్ స్క్రీన్, దేశమంతా పరిచి ఉంది.

ఫొటో తీసుకుని, సామాన్లతో ఇంట్లోకొచ్చాక అమ్మకు పంపాను. రెండు నిమిషాల్లో అమ్మ వాయిస్ మెసేజ్ వచ్చింది. "నానమ అని రాసినవ్. కింద ఒత్తు మింగినవ్, బిడ్డా. ఆకలైతే గారెలు చేసి పెడ్త గని, ఒత్తులు తినకు."

బెలూన్లు లేవు, చప్పట్లు లేవు. మొహం ఎర్రగా చేసుకుని మావాడు చెప్పులు కూడా లేకుండా మళ్లీ కిందికి పరిగెత్తాడు. నేను దిగేసరికి, నెలకింతని మాట్లాడుకున్న నేపాలీ తమ్ముడు బక్కెటు, గుడ్డ పట్టుకుని మా కారు తళతళా తుడిచేసి, నా మెప్పు కోసం చూస్తున్నాడు. మావాడు అద్దం వంక, నా వంక మార్చి మార్చి చూశాడు.

"డాడీ, రేపు దుమ్ము వస్తుందా?"