సున్నం మీద మచ్చ

పిడుగురాళ్ల దగ్గర ఓ ఫ్యాక్టరీ స్టోర్సులో 30 ఏళ్లు చేశాను. డీజిల్ ట్యాంకు తాళాలు నా దగ్గరే ఉండేవి. మా రోజుల్లో తెల్లారగట్ల మొదటి పని నిచ్చెనెక్కి డిప్ కర్ర దించడం. పొద్దెక్కితే లెక్క చెడుతుంది. పల్నాటి ఎండకు డీజిల్ కూడా వ్యాకోచిస్తుంది. 20,000 లీటర్లకు 10 డిగ్రీల వేడి పెరిగితే 160 లీటర్ల దాకా ఎక్కువ చూపిస్తుంది. మధ్యాహ్నం కొలిచేవాడికి కారిపోయింది కనపడదు. కర్ర కొసకు పేస్టు రాసేవాళ్లం. అడుగున నీళ్లుంటే అది ఎర్రబడేది. వెంటనే అడుగు కుళాయి తిప్పి ఆ నీళ్లు తీసెయ్యాల్సిందే. రేకును తినేది నూనె కాదు, నూనె కింద చేరిన నీళ్లు.

ఒక సంక్రాంతికి మూడు రోజులు ఫ్యాక్టరీ మూశారు. తెరిచిన రోజు కర్ర దించితే, మూసిన రోజు పెట్టిన గీతకు వేలు మందం తక్కువుంది. ఎవరికీ ఒక్క లీటరు ఇవ్వలేదు. డీజిలంతా తోడేసి, మూతలు తీసి నాలుగు రోజులు గాలాడనిచ్చాం. అప్పుడు మా వెల్డింగు మేస్త్రీ ట్యాంకు గోడా అడుగూ కలిసే అతుకు పొడవునా బయట సున్నం పూశాడు. సున్నానికి మా ఊళ్లో కొదవేముంది! అది ఆరాక లోపల అదే అతుకు వెంట కిరసనాయిలు పోశాడు. మేమంతా గొంతుక్కూర్చుని చూస్తున్నాం. కాసేపటికి తెల్లటి సున్నం మీద గోధుమగింజంత మచ్చ తేలింది. తర్వాత ఇంకోటి. కింద నల్లరేగడి. ఎండాకాలం నెర్రెలిచ్చి, వానలకు ఉబ్బే నేల. ఒక పక్క కుంగి అతుకు విడిచింది. ఆ మట్టంతా తవ్వించి, గ్రావెల్ పోసి గట్టిపరిచాకే ట్యాంకు మళ్లీ నిలబెట్టాం.

మొన్నామధ్య ఇంకో ఫ్యాక్టరీకి పనిబడి వెళ్లాను. ట్యాంకు చుట్టూ కట్ట ఉంది. పెద్ద ట్యాంకు మొత్తం కారినా పట్టి, ఇంకా పదో వంతు చోటు మిగలాలి ఆ కట్టలో. దాన్నిండా ఖాళీ పీపాలు, గోతాలు. వాననీళ్లు పోయే తూము బార్లా తీసి ఉంది. మండిపోయింది నాకు.

“సెన్సరుంది పెద్దాయనా, ఏదన్నా అయితే ఫోనుకే వస్తుంది” అన్నాడు అక్కడి కుర్రాడు.

2020 మే 7న విశాఖ ఎల్‌జీ పాలిమర్స్‌లోనూ స్టైరీన్ ట్యాంకుకు వేడి చూసే మీటరుంది నాయనా. అది అడుగునే ఉంది. పైన ఎంత మరుగుతోందో ఎవరికీ తెలియలేదు. ఆ ఆవిరి బయటికొచ్చి 12 మంది పోయారు. మీటరు తానున్న చోటు సంగతే చెబుతుంది. మిగతా చోట్లకు మనిషే నడిచి వెళ్లాలి.

వాణ్ని చెయ్యి పట్టుకుని ట్యాంకు చుట్టూ తిప్పాను. రేకంతా తెల్లటి సున్నపు దుమ్ము. ఉత్తరం వైపు అడుగున మాత్రం జానెడు మేర దుమ్ము నల్లగా తడిసి అంటుకుంది. చెయ్యి పెట్టి చూడమన్నాను. వేళ్లు వాసన చూసుకుని, గబగబా వెళ్లి ముందు తూము మూశాడు.