మామ్మ కూర్చునే చోటు

గుంటూరు జిల్లాలో మా ఊరి చర్చి కమిటీకి నేను కార్యదర్శిగా ఉన్న రోజులవి. పాటల దగ్గర సంఘం రెండుగా చీలింది.

హార్మోనియం, తబలా, కంజీర ఉంటే చాలు, ఆంధ్ర క్రైస్తవ కీర్తనలే పాడాలి అని పెద్దల పట్టు. నేనూ వాళ్ల పక్షమే. "పురుషోత్తమ చౌదరిగారు కర్ణాటక రాగాల్లో కట్టిన పాటలున్న పుస్తకంరా అది! కీర్తన పైన రాగం, తాళం అచ్చువేసి ఉంటాయి. మీ పాటలకేవి?" అని గట్టిగానే అడిగాను.

కీబోర్డు, ప్యాడ్స్ కావాలని యౌవనస్థుల పట్టు. "ఆయన పుట్టింది 1803లో. క్రీస్తును కర్ణాటక రాగంలో పాడటం ఆ రోజుల్లో కొత్త కాదా బాబాయ్? బైబిల్లో 150వ కీర్తన చూడండి. బూర, సితార, తంబుర, తాళాలు, అన్నీ ఉన్నాయి" అన్నారు.

పాస్టరు అయ్యగారు ఇద్దరి మధ్యా నలిగిపోయి, ఏడింటికి ఒక పక్షానికి, తొమ్మిదిన్నరకు మరో పక్షానికి ఆరాధన పెట్టారు. పెద్దలం చందాలు వేసుకుని కొత్త మైకులు కొన్నాం. కుర్రాళ్లు అంతకన్నా పెద్ద స్పీకర్లు తెచ్చారు. రెండు ఆరాధనల్లోనూ చర్చి దద్దరిల్లిపోయేది.

డిసెంబరు వచ్చింది. క్రిస్మస్‌కు మాత్రం ఒకటే ఆరాధన. ఎవరి పద్ధతిలో? కమిటీలో ఓట్లు సరిసమానం.

రెండు ఆరాధనలకూ వచ్చేది మా వీధి మామ్మ ఒక్కతే. ఎనభై దాటిన మనిషి. అందరం వేదిక వైపు చూస్తుంటే, ఆమె ముందువైపు స్తంభానికి ఆనుకుని మా వైపు తిరిగి కూర్చునేది. పాటను ఒక మాట వెనకగా అందుకునేది. నడుంనొప్పికి ఆనుకుంటుందనీ, వయసుకు వెనకబడుతుందనీ అనుకునేవాళ్లం.

"ఆ ప్యాడ్స్ మోతకు మామ్మ గుండె అదురుతోంది" అని మేం. "మామ్మకు మా పాటలే ఇష్టం, తల ఊపుతుంది" అని వాళ్లు. తీర్పు ఆమెకే వదిలేద్దామని అందరం వెళ్లి ఆమె అరుగు మీద కూర్చున్నాం.

"మామ్మా, ఏడింటి పాటలు బాగుంటున్నాయా, తొమ్మిదిన్నరవా?" అన్నాను.

ఆమె రెప్ప వేయకుండా నా ముఖంలోకే చూసింది.

"నాకు చెవులు పోయి ఆరేళ్లయింది నాయనా. ఎవరితోనూ అనలేదు. మీ పెదాలు చూసి పాట పట్టుకుంటాను. అందుకే ఇటు తిరిగి కూర్చుంటున్నా."

ఎవరికీ నోట మాట రాలేదు.

"ఇదివరకు చర్చి నిండా పెదాలు కదిలేవి. ఇప్పుడు ఏడింటికైనా, తొమ్మిదిన్నరకైనా మైకు పట్టుకున్న నలుగురివే కదులుతున్నాయి. నేనంటే చెవిటిదాన్ని. మీరంతా ఎప్పుడు మూగవాళ్లయ్యారు నాయనా?"