ఊడ్చినంత మేరే మనది

కర్నూలు జిల్లాలోని మా హొళగుందకు కొత్త రూల్సు కావాలన్న మాట ఈ మధ్య గట్టిగా వినబడుతోంది. బండ్లు ఎక్కడ నిలపాలి, వాకిలి ఎట్లా ఉంచుకోవాలి, పండగకీ పెండ్లికీ వీధిలో ఏమేం కట్టొచ్చు, కట్టినవాటిని ఎప్పుడు విప్పాలి అన్నీ ఒక కాగితం మీద రాసి గోడకు అంటించాలంట. ఏ గోడకు అన్నదొక్కటే తేలలేదు. ఖాళీ గోడ ఊర్లో దొరకలేదు.

ఈ ఆలోచన తెచ్చింది డల్లాస్‌లో ఉద్యోగం చేసుకుంటూ సెలవుకు వచ్చిన మన ఊరి పిల్లోడు. అక్కడ ఇంటి ముందర గడ్డి 12 అంగుళాలు దాటితే నగరపాలక సంస్థ నోటీసు పంపుతుంది. కాలనీ సంఘాలైతే అంతదాకా కూడా ఆగవు. చెత్తడబ్బా లోపల పెట్టకపోతే ఒక ఉత్తరం, కారు రాత్రంతా రోడ్డు మీదుంటే ఇంకో ఉత్తరం. గుమ్మానికి తగిలించే దేవుడి గుర్తులను సంఘాలు పీకేయకుండా టెక్సాస్ రాష్ట్రం 2011లో ఒక చట్టమే చేసింది. కాకపోతే 25 చదరపు అంగుళాల దాకానే రక్షణ. మామిడాకులు రెండు గుచ్చితే కోటా అయిపోయినట్టే. 2021లో ఆ పట్టు సడలించారు కాబట్టి మనవాళ్ల తోరణాలు బతికాయి.

ఇదంతా విన్న మా పెద్దప్పకు ఒక్కటే అర్థం కాలేదు.

"గడ్డి పెరిగితే జుల్మానా ఏందప్పా? మాకు గడ్డి మొలిచిందంటే వాన పడిందని సంబరం. సరే, కోసిన గడ్డి ఏం చేస్తారు?"

"సంచుల్లో కట్టి బయట పెడతాం తాతా, బండొచ్చి ఎత్తుకపోతుంది."

"ఎద్దులకు ఎయ్యరా?"

"ఎద్దులు లేవు తాతా."

"ఎద్దుల్లేకుండా గడ్డి యాల పెంచుతున్నారు మరి?"

పిల్లోడు ఫోన్ చూసుకున్నాడు. సమాధానం అందులో కూడా లేదు.

అయినా మంచి మాట ఎక్కణ్ణించి వచ్చినా కాదనకూడదు కాబట్టి, బస్టాండు దగ్గరి టీ అంగడి బెంచీ మీదనే ముసాయిదా కమిటీ కూర్చుంది. టీ డబ్బులు ఎవరిస్తారో తేలేదాకా అధ్యక్షుడి ఎన్నిక వాయిదా పడింది.

మొదటి అంశం పార్కింగు. "రోడ్డు మీద బండ్లు నిలపరాదు" అని రాసుకున్నారు. ట్రాక్టరాయన వెంటనే లేచాడు. ట్రాక్టరైతే తీస్తాడంట, ట్రాలీ మాత్రం తియ్యడంట. ఆయన మాటలోనూ న్యాయముంది. రెండు టైర్ల మీద, ఒక రాతి మీద ముక్కు ఆనించి ఇంటి ముందర నిలిచిన ఆ ట్రాలీ కింద కోడి గుడ్లు పెడుతుంది. పైన మిరపకాయలు ఆరుతాయి. మధ్యాహ్నం దాని నీడలో ముసలాయన పడుకుంటాడు. సంక్రాంతికి పేరంటాండ్లు దాని అంచు మీదే కూర్చుంటారు. "అది బండి కాదప్పా, మా ఇంట్లో ఒక రూము" అన్నాడు. కమిటీ ట్రాలీని గృహ నిర్మాణం కింద జమ చేసింది.

తర్వాత షేర్ ఆటో ఆయన. రోడ్డు నడిమధ్య ముప్పావు గంట నిలబెట్టాడు కదా అంటే, నిలపలేదన్నాడు. "నిండిస్తున్నా సార్. నిండితే పోతా." ఆదోనికి పది మంది పడేదాకా అది పార్కింగ్ కాదు, ప్రయాణంలో మొదటి భాగం. ఇది కూడా ఒప్పుకోక తప్పలేదు.

రైతుల వంతు వచ్చేసరికి కమిటీ ఆశ్చర్యపోయింది. బండ్లు నిలపరాదన్న రూలుకు వాళ్లు పూర్తిగా మద్దతు పలికారు. నిలిపితే జొన్నలు రాలవు కదా! తారు రోడ్డు మీద జొన్న కంకులు, కొర్ర, ఉలవకట్టె పరిచి ఉంటే పోయే లారీ, వచ్చే బస్సు తొక్కి నూర్చి పెడతాయి. నిలిచిపోయిన బండి వల్ల రైతుకు నష్టమే తప్ప లాభం లేదు. ఊరి పక్క కళ్లాలు ప్లాట్లయిపోయాయి. గింజ ఆరబెట్టుకునేదానికి గచ్చు లేదు. ఊర్లో వెడల్పుగా, చదునుగా, ఎండ పడేట్టుగా మిగిలింది రోడ్డొక్కటే. గింజల చుట్టూ కాపలాకు పెట్టిన రాళ్లు రాత్రిపూట కనబడక బైకు మీద నుంచి పడేవాడికి మాత్రం ఈ వ్యవసాయ శాస్త్రం అంత తొందరగా ఎక్కదు.

పట్నం చూసైనా నేర్చుకుందామంటే మనకు దగ్గరి పట్నం ఆదోని. మునిసిపాలిటీ పుట్టింది 1865లో. రాష్ట్రంలో పాతవాటిల్లో ఒకటి. పత్తి సీజన్లో మార్కెట్ యార్డుకు పోయే బండ్ల మధ్య ఇరుక్కుని చూడండి. నూట అరవై ఏళ్లలో మునిసిపాలిటీ ఏం నేర్పిందో, బండ్లు ఏం నేర్చుకున్నాయో తీరిగ్గా ఆలోచించుకోవచ్చు. టైము దండిగా దొరుకుతుంది.

రెండో అంశం వాకిలి, పెరడు. "ఇంటి ముందర పెంటదిబ్బ ఉండరాదు." రాసేది సులువే గానీ, ఆ దిబ్బ సర్వీసు ముందర చూడాలి. 1953 అక్టోబరు 1న ఆదోని, ఆలూరు తాలూకాలు బళ్లారి జిల్లాను వదిలి కొత్త ఆంధ్ర రాష్ట్రంలోకి వచ్చాయి. దిబ్బ కూడా వాటితో పాటే వచ్చింది. 1956లో ఆంధ్రప్రదేశ్ అయింది, దిబ్బ ఉంది. 2014లో రాష్ట్రం రెండయింది, దిబ్బ ఒక్కటిగానే ఉంది. 2022లో నంద్యాల వేరే జిల్లాగా పోయింది, దిబ్బ కర్నూలు జిల్లాలోనే నిలబడింది. ఇన్ని గెజిట్లు కదిలించలేనిదాన్ని ఒక పంచాయతీ తీర్మానం కదిలిస్తుందా? నిజానికి దాన్ని ఏటా కదిలించేది ఒక్కటే, తొలకరి. చేనికి ఎరువు తోలాల్సిన వారం ఎవరూ నోటీసు ఇవ్వకుండానే దిబ్బ ఖాళీ అవుతుంది.

"చొప్ప వామి, పత్తికట్టె వీధిలో పెట్టరాదు." ఎద్దుల మేత, పొయ్యిలోకి కట్టె ఎక్కడ పెట్టుకోవాలో మాత్రం ముసాయిదాలో లేదు.

"ఇల్లు విడిచి పోయేవాళ్లు వాకిలి శుభ్రంగా ఉంచుకోవాలి, లేదంటే ఏడు రోజుల్లో సంజాయిషీ." ఈ రూలు చదివేసరికి బెంచీ మీద నవ్వు ఆగిపోయింది. ఈ వైపు ఊర్లలో పంట పోయిన ఏడు సగం వీధులకు తాళాలే. జనం సుగ్గికి పోతారు. గుంటూరు వైపు మిరప కోతలకు, పత్తి తీయడానికి. ఇంకొందరు బెంగళూరులో ఇల్లు కట్టే పనులకు. బడి పిల్లోళ్లను కొందరు సీజనల్ హాస్టల్లో వదిలిపోతారు, కొందరు వెంట తీసుకపోతారు. 2023 ఖరీఫ్‌లో రాష్ట్ర ప్రభుత్వం 103 మండలాలను కరువు మండలాలని ప్రకటించింది. అందులో మన జిల్లావి చాలానే. ఆ తాళానికి "మీ వాకిట్లో కలుపు పెరిగినది" అని నోటీసు గుచ్చితే చదివేదెవరు? ఇంటి దగ్గర మిగిలిన అవ్వకు చదువు రాదు. అయినా ఆ అవ్వ పొద్దున్నే పేడనీళ్లు చల్లి, ఉన్నంతలో ముగ్గు పెడుతుంది. ఊర్లో రూలు లేకుండా రూలు పాటించేది ఆమె ఒక్కతే. ఆమెకు జుల్మానా వేద్దామంటే కమిటీలో చెయ్యి ఎత్తినవాడు లేడు.

ఆమె చల్లిన నీళ్లు పోయేదానికి కాలువ కావాలి కదా. కాలువ కట్టారు. ఎక్కడికి పోవాలో దానికి చెప్పలేదు. నాలుగిండ్లు దాటి ఐదో ఇంటి మెట్టు కింద అది మాయమైపోతుంది. మెట్టు కట్టినాయనను అడిగితే తప్పు సీసీ రోడ్డుదంటాడు. ఆ మాటా నిజమే. పాత రోడ్డు తవ్వకుండా దాని మీదే కొత్తది పోస్తారు. పోసిన ప్రతిసారీ వీధి జానెడు లేస్తుంది, ఇల్లు జానెడు దిగుతుంది. వాన పడితే వీధి నీళ్లన్నీ నట్టింటికి చుట్టాలు. అందుకని ఇల్లుగలాయన మెట్టు లేపుతాడు, మెట్టు కాలువ మీద కూర్చుంటుంది, కాలువ రోడ్డెక్కుతుంది. దీన్నంతా సరిచేయాల్సిన పంచాయతీకి డబ్బు ఏదీ? ఆర్థిక సంఘం నిధులను కరెంటు బకాయిల కింద జమ కట్టుకున్నారని ఆ మధ్య రాష్ట్రమంతా సర్పంచులే రోడ్డెక్కారు. రోడ్డు బాగు చేయాల్సినవాళ్లు రోడ్డు మీద కూర్చుంటే, అది పార్కింగ్ కిందికి వస్తుందా, అలంకరణ కిందికా?

అలంకరణే మూడో అంశం. ఇక్కడ కమిటీకి ఒక చేదు నిజం తెలిసింది. కొత్త రూలు రాసే అవసరమే లేదు, అన్నీ ఉన్నాయి. బహిరంగ ప్రదేశాలను పాడుచేయరాదని 1997లోనే చట్టం చేశారు. 2022 ఆగస్టు 26న విశాఖపట్నంలో అప్పటి ముఖ్యమంత్రి ప్లాస్టిక్ ఫ్లెక్సీలు నిషేధమన్నారు. నవంబరు 1 నుంచి అన్నారు, తర్వాత 2023 జనవరి 26 నుంచి అన్నారు. ఆ తర్వాత ఫ్లెక్సీలో అన్న ఫోటో కొంచెం పెద్దదయింది, చుట్టూ తమ్ముళ్ల ఫోటోలు ఇంకో రెండు వరసలు పెరిగాయి. ప్రభుత్వం మారింది, ఫ్లెక్సీలో రంగులు మారాయి. వేలాడే స్తంభాలు మాత్రం అవే. పుట్టినరోజు శుభాకాంక్షలు, పదవి వచ్చినందుకు, పదవి ఇంకా రానందుకు, వినాయక చవితికి, పీర్ల పండగకు, పెద్దకర్మకు – అన్నిటికీ ఒకే నవ్వు, ఒకే తెల్ల చొక్కా. పోయినాయన ఏ మూలనో తపాలా బిళ్లంత ఉంటాడు. నివాళి అర్పించేవాళ్లు నిలువెత్తున ఉంటారు.

ఇవి తీసేదానికి వీలుకాదని ఎవరైనా అంటే నమ్మకండి. 2024 మార్చి 16న ఎన్నికల కోడ్ వచ్చింది. ఎన్నికల సంఘం లెక్క తెలిసిందే. ప్రభుత్వ ఆఫీసుల మీదివి 24 గంటల్లో, బస్టాండ్లూ కరెంటు స్తంభాల లాంటి చోట్లవి 48 గంటల్లో, ప్రైవేటు గోడల మీద అనుమతి లేనివి 72 గంటల్లో పోవాలి. పోయాయి. విగ్రహాలకు సైతం ముసుగులు పడ్డాయి. ఏండ్ల తరబడి ఏ చట్టానికీ లొంగనిది మూడు రోజుల్లో లొంగింది. కోడ్ ఎత్తేసిన జూన్‌లో ఏమైందో చెప్పాల్సిన పని లేదు.

నవ్వుకోవడానికి బాగానే ఉంటుంది. కానీ 2019 సెప్టెంబరులో చెన్నైలో ఒక నాయకుడి ఇంటి పెండ్లికి రోడ్డు మధ్యన కట్టిన బ్యానరు, స్కూటీ మీద పోతున్న 23 ఏండ్ల ఇంజనీరమ్మాయి మీద పడింది. వెనక వస్తున్న ట్యాంకరు కింద ఆ పిల్ల ప్రాణం పోయింది. మన బస్టాండు మలుపులో కర్రలకు కట్టిన ఫ్లెక్సీ గాలికి వంగినప్పుడు కింద బడి పిల్లోళ్లు సైకిల్ తొక్కుకుంటూ పోతూనే ఉంటారు.

సరే, రూలు రాస్తే అమలెట్లా? మన మండలానికి ఆంక్షలు కొత్తేం కాదు. దేవరగట్టు మనదే. ఏటా దసరాకు ముందు పోలీసులు ఊరూరా తిరిగి చెప్తారు, కట్టెలు స్వాధీనం చేసుకుంటారు, కెమెరాలు పెడతారు, వందల మంది బందోబస్తుకు దిగుతారు. రాత్రయ్యేసరికి నెరణికి, నెరణికి తండా, కొత్తపేట జనం మాళమల్లేశ్వరుణ్ణి తీసుకుని కదులుతారు. బన్ని పేరుతో కర్రల సమరం జరుగుతుంది, తలలు పగులుతాయి, ఆస్పత్రి నిండుతుంది. జనం తమదనుకున్నదాన్ని బయటినుంచి వచ్చిన కాగితం ఆపలేదు. అట్లాగే జనం తమదనుకోని దాన్ని ఏ కాగితమూ బాగుచేయలేదు.

వీధి సంగతి సరిగ్గా ఇదే. మెట్టు లేపేటప్పుడు, ట్రాలీ పెట్టేటప్పుడు, షామియానా గుంజ పాతేటప్పుడు వీధి మనది. గుంజ పీకినాక మిగిలిన గుంత, కాలువలో ఇరుక్కున్న ఇస్తరాకులు పంచాయతీవి. వాడుకునేదానికి సొంతదారులం, ఊడ్చేదానికి పరాయివాళ్లం.

అందుకని కమిటీ పేజీలన్నీ చింపేసి చివరికి ఒక్క రూలు మిగిల్చింది: ఎవరు వీధిలో ఎంత మేర వాడుకుంటే అంత మేర రోజూ వాళ్లే ఊడ్చాలి. ట్రాలీ గలాయన ట్రాలీ పొడవు. మెట్టు కట్టినాయన మెట్టు కింది కాలువతో సహా. పెండ్లివాళ్లు పందిరి వేసినంత. రోడ్డు మీద కంకులు పరిచినాయన పరిచినంత, పెట్టిన రాళ్లు తీసేదాకా. పైన రోడ్డు మీద రోడ్డు పోసిన కాంట్రాక్టరు పోసినంత. సుగ్గికి పోయినోళ్లకు మినహాయింపు, ఆ అవ్వకు సన్మానం. ఫ్లెక్సీ కట్టించుకున్న నాయకుడు ఫ్లెక్సీ ఎంత వెడల్పో అంత.

ఈ ఆఖరి మాటకు గొడవ అవుతుందనుకున్నాం. కాలేదు. ప్రతి నెలా మూడో శనివారం స్వచ్ఛాంధ్ర ఉంది కదా, చీపురు పట్టుకోవడం తమకేమీ కొత్త కాదని తమ్ముళ్లు సంతోషంగా ఒప్పుకున్నారు. అన్న ఊడుస్తున్న ఫోటోతో బస్టాండు దగ్గర ఇరవై అడుగుల ఫ్లెక్సీకి అప్పుడే ఆర్డరు కూడా ఇచ్చేశారు. రూలు ప్రకారం ఆ ఇరవై అడుగులూ అన్నే ఊడ్చాలి. ఊడుస్తాడు. ఫోటోగ్రాఫరు కూడా వస్తాడు.