దొంగ బెల్లు కొట్టడు

దొంగ అనేవాడు కాలింగ్ బెల్ కొట్టడు. ఈ సంగతి వీడియో డోర్ ఫోన్లు అమ్మేవాళ్ళకు తెలియదనుకోను. కొనేవాళ్ళకు మాత్రం గుర్తు రానివ్వరు. పెట్టె మీద నల్ల ముసుగు మనిషి బొమ్మ వేస్తారు. ఆ మనిషి గేటు దగ్గర నిలబడి, బొత్తాం నొక్కి, కెమెరా వంక చూస్తూ ఓపిగ్గా ఎదురుచూస్తుంటాడు. అంత మర్యాద తెలిసినవాణ్ణి లోపలికి పిలిచి కాఫీ ఇవ్వాలి గానీ, పోలీసులకు పట్టివ్వడం ఏం న్యాయం?

నన్నడిగితే ఈ యంత్రం కొత్తవాళ్ళ కోసం కాదు, బాగా తెలిసినవాళ్ళ కోసం. అన్నం తిని అలా నడుం వాల్చామో లేదో దిగే చిట్టీలాయన, "ఊరికే ఓసారి పాలసీ గురించి చెప్పి పోదామని" వచ్చే మేనత్త తోడికోడలి కొడుకు, వినాయక చవితికి నెల ముందే రసీదు పుస్తకం పట్టుకుని తిరిగే కుర్రాళ్ళు. వచ్చింది వీళ్ళలో ఎవరో మంచం దిగకుండా తెలియాలి. తెలిశాక లేవాలా, నిద్ర నటించాలా అన్నది మన ఇష్టం. మా ఇంటి భద్రత అంతా ఇక్కడే ఉంది.

అమెరికాలో రింగ్ డోర్‌బెల్ పుట్టిన కథ వేరు. జేమీ సిమినాఫ్ అనే ఆయన గ్యారేజీలో పని చేసుకుంటుంటే వీధి బెల్లు వినబడేది కాదట. అందుకని ఫోన్లోకే వచ్చే బెల్లు కనిపెట్టాడు. 2013లో షార్క్ ట్యాంక్ కార్యక్రమానికి పట్టుకెళ్తే అక్కడ బేరం కుదరలేదు. 2018లో అమెజాన్ ఆ కంపెనీనే కొనేసింది. ఆయన కష్టం వినబడకపోవడం. మన కష్టం వినబడటం.

మా ఇంట్లో ఈ గొడవ మొదలుపెట్టింది డాలస్‌లో ఉన్న మావాడు. "నాన్నా, నానమ్మ, అమ్మ, నువ్వు... ముగ్గురూ పెద్దవాళ్ళే. ఎవరికి పడితే వాళ్ళకు గేటు తీసేస్తున్నారు. నేను డబ్బు పంపిస్తా, మంచిది చూసి పెట్టించు" అన్నాడు. డబ్బు వాడిది కాబట్టి మంచిదే చూడాలి. విజయవాడ ఏలూరు రోడ్డులో ఒక కొట్టుకు మా ఆవిడతో సహా వెళ్ళాను.

కొట్టు కుర్రాడు కూర్చోమనకుండానే అడిగాడు, "టూ వైరా సార్, ఫోర్ వైరా, వైఫైనా?" అని. నాలుగు తీగల రకంలో కరెంటుకొకటి, బొమ్మకొకటి, మాటకొకటి, గ్రౌండుకొకటి. రెండు తీగల రకంలో ఈ సంసారమంతా ఆ రెండింటి మీదే నడుస్తుంది. ధర ఎక్కువే, కానీ చాలాచోట్ల పాత కాలింగ్ బెల్ తీగలే సరిపోతాయి, గోడ కొట్టక్కర్లేదు. మా ఆవిడ అక్కడితో తేల్చేసింది. మొన్ననే రంగులు వేయించాం, గోడ మీద సుత్తి పడితే తను పుట్టింటికే. పుట్టింట్లో ఇప్పుడెవరూ లేరు, అయినా బెదిరింపు పనిచేస్తూనే ఉంది.

"అసలు తీగలే లేని బ్యాటరీ రకం ఉంది మేడమ్" అన్నాడు కుర్రాడు. లిథియం బ్యాటరీని 45 డిగ్రీలు దాటిన వేడిలో చార్జి చేయకూడదు. రోహిణి కార్తెలో విజయవాడ గేటు స్తంభం మీద చెయ్యి ఆనించి చూసినవాడెవడూ దాని మీద బ్యాటరీ పెట్టమనడు.

"నీడలో పెట్టుకోండి సార్."

"గేటు దగ్గర నీడే ఉంటే, కుర్చీ వేసుకుని నేనే కూర్చుంటా కదయ్యా! ఎవరొచ్చారో నేనే చెప్తా."

ఆ రకాల్లో ఇంకో తిరకాసుంది. మనిషి వచ్చాడని అవి పసిగట్టేది ఒంటి వేడిని బట్టి. ఒంటి వేడికీ వెనక గోడ వేడికీ తేడా ఉంటేనే దానికి మనిషి ఆనతాడు. మే నెల మధ్యాహ్నం మా వీధి గోడలు మనుషులంత వేడిగానూ, మనుషులు గోడలంత కదలకుండానూ ఉంటారు. పాపం, యంత్రం మాత్రం ఏం చేస్తుంది?

ఇక తాళం. అయస్కాంతం తాళం ఒకటి చూపించాడు. 12 వోల్టుల కరెంటుతో సుమారు 270 కిలోల బలంతో తలుపును పట్టుకుంటుందట. ఇద్దరు వస్తాదులు లాగినా రాదన్నాడు. మా ఆవిడ అడిగింది, "కరెంటు పోతే?"

"తెరుచుకుంటుంది మేడమ్. నిప్పంటుకున్నప్పుడు జనం లోపల చిక్కుకుపోకూడదని అలా చేస్తారు."

"అంటే ఇద్దరు వస్తాదులు అక్కర్లేదు. ఒక్కడు స్తంభం దగ్గర ఫ్యూజు పీకితే చాలు."

కుర్రాడు నా వంక చూశాడు, ఈ ప్రశ్న ఇంతవరకూ ఎవరూ అడగలేదన్నట్టు. ఇన్వర్టరు కలుపుకోవచ్చన్నాడు. ఆఖరికి లోపల ఇంకో రకం ఉందని ఒప్పుకుని స్ట్రైక్ లాక్ తీశాడు. ఇందులో కరెంటు వస్తేనే నాలుక వదులుతుంది, పోతే పట్టుకునే ఉంటుంది, లోపలి నుంచి చేత్తో తీసుకోవచ్చు. మా ఆవిడకు నచ్చింది. ఆవిడ బీరువా తాళం సిద్ధాంతం కూడా ఇదే.

చివరికి గోడ కొట్టక్కర్లేని రెండు తీగల రకం, లోపల ఏడంగుళాల తెర, ఆ తెరకు వైఫై ఉన్నది తీసుకున్నాం. ఆ వైఫై 2.4 గిగాహెర్ట్జ్ మీదే నడుస్తుంది. 5 గిగాహెర్ట్జ్ వేగమైనదే గానీ గోడ అడ్డం వస్తే నీరసించిపోతుంది.

బిగించడానికి వచ్చిన ఎలక్ట్రీషియన్ గేటు చూసి అడిగాడు, "తూర్పు ముఖమా సార్?" అని. ఔనన్నాను, కాస్త గర్వంగానే. తూర్పు ముఖం ఇల్లని ఆ రోజుల్లో గజానికి ఇంత అని ఎక్కువిచ్చి కొన్నాం మరి. "పొద్దున పూట ఎవరూ కనపడరు సార్" అన్నాడు. నిజమే. తొమ్మిదింటిదాకా ఎండ సూటిగా కెమెరా కంట్లో పడుతుంది. వెలుగునూ నీడనూ సర్దే ఏర్పాటు కెమెరాలో ఉంది గానీ, కృష్ణ ఒడ్డు సూర్యుణ్ణి చూసి ఆ ఏర్పాటు తయారుచేసినట్టు లేదు. పాలబ్బాయి వచ్చి నిలబడితే తెర మీద మనిషి నల్లగా, చుట్టూ కాంతి చక్రం, చేతిలో ఏదో పాత్ర. మా అమ్మ మొదటి రోజు ఆ సూర్యనారాయణమూర్తికి దణ్ణం పెట్టింది. రెండోరోజు పాల ప్యాకెట్లు తక్కువొచ్చాయని అదే మూర్తిని తిట్టింది.

ఎంత ఎత్తులో పెట్టాలన్నది ఇంకో చర్చ. నిజానికి ఈ ఆలోచన 1966లోనే చేసినావిడ ఒకరున్నారు. మేరీ వాన్ బ్రిటన్ బ్రౌన్ అని, న్యూయార్క్‌లోని క్వీన్స్‌లో నర్సు. వేళాపాళా లేని డ్యూటీలు, భర్త రాత్రిళ్ళు ఇంట్లో ఉండడు, ఫోను చేస్తే పోలీసులు ఎప్పటికి వస్తారో తెలియదు. భర్త ఎలక్ట్రానిక్స్ పనివాడు. ఇద్దరూ కలిసి తలుపుకు ఒకదాని కింద ఒకటిగా నాలుగు కన్నాలు, వాటి వెంట పైకీ కిందకీ జరిగే కెమెరా, పడకగదిలో టీవీ, గడియ తీయడానికి ఒక బొత్తాం, పోలీసులను పిలవడానికి ఒక బొత్తాం ఊహించి పేటెంటుకు దరఖాస్తు పెట్టారు. 1969 డిసెంబరులో వచ్చింది. పొడుగువాళ్ళకు పై కన్నం, పిల్లలకు కింది కన్నం. ఆవిడకు నిజంగా భయం ఉంది కాబట్టి అంత వివరంగా ఆలోచించింది. మా కెమెరాకు ఒకటే కన్ను, వెడల్పుగా చూస్తుంది. దగ్గరకొచ్చి నిలబడితే ఎవరికైనా ముక్కే ముందొస్తుంది, ఆ ముక్కు వెనకాల ఎక్కడో మనిషి ఉంటాడు. బంధువులను ముక్కుల బట్టి గుర్తుపట్టడం మా అమ్మకు వారంలో వచ్చేసింది. "అది మీ నాన్నగారి వైపు ముక్కు. గేటు తియ్యకు" అంటుంది.

ఎదురింటి పిన్నిగారు మొదట్లో మండిపడ్డారు, మా కెమెరాకు వాళ్ళ వాకిలి కనబడుతోందని. పక్కకు తిప్పిస్తానన్నాను. వారం తిరక్కుండానే వచ్చి, "తిప్పించకు బాబూ. మేం కాశీ వెళ్ళిన రోజుల్లో మా కోడలి తరపువాళ్ళు ఎవరెవరొచ్చారో కాస్త వెనక్కి తిప్పి చూపించు" అన్నారు.

అసలు చిక్కు మావాడి ఫోను. బెల్లు మోగితే లోపలి తెరతో పాటు డాలస్‌లోనూ మోగుతుంది. మనకు మధ్యాహ్నం పదకొండున్నరకి ఆకుకూరలమ్మి బొత్తాం నొక్కితే అక్కడ అర్ధరాత్రి ఒంటిగంట. వాడు ఉలిక్కిపడి లేచి, "ఎవరూ?" అంటే, "తోటకూర, గోంగూర" అని జవాబు. కోడలు ఆ యాప్ తీసేయమంటోంది. వాడు తీయడు. గోంగూర మాట వింటే మళ్ళీ బాగా నిద్ర పడుతుందట.

అలా ఉండగా ఓ సాయంత్రం ఆరింటికి తెర మీద రసీదు పుస్తకం కనిపించింది. దాని వెనక నాలుగైదు ముక్కులు. నేను టీవీ సౌండు తీసేశాను. మా ఆవిడ వంటింట్లో దీపం ఆర్పింది. యంత్రం కొన్నదే ఈ ఘడియ కోసం. ఇంతలో గేటు దగ్గర స్పీకరులోంచి వీధంతా వినబడేలా మావాడి గొంతు, పొద్దున కాఫీ తాగుతున్నట్టున్నాడు. "ఎవరు తమ్ముడూ?"

"వినాయక చవితి చందా అన్నా. అంకుల్ లేరా?"

"ఎందుకు లేరు, ఇంట్లోనే ఉన్నారు. ఇందాకే మాట్లాడా. బెల్లు కొడుతూ ఉండండి, వస్తారు. నేను డాలస్ నుంచి మాట్లాడుతున్నా."

బయట గుసగుసలు. పేజీ తిప్పిన చప్పుడు.

"అన్నా, పోయినేడు అంకుల్ 516 రాశారు. ఈసారి మీ పేరు మీద 5,116 రాస్తున్నాం. అంకుల్ దగ్గరే తీసుకుంటాంలే, మీరు టెన్షన్ పడకండి!"